‘ఏం లేదు’ అన్న మా బావ

పొద్దున్నే దుకాణం షట్టరు సగం లేపానో లేదో అక్క ఫోన్ చేసింది. "తమ్మీ, మీ బావ లేస్తలేడు" అంది. నేను నవ్వాను. మా బావ పొద్దున లేవకపోవడం కొత్త సంగతేమీ కాదు. చెంబెడు నీళ్లు ముఖాన కొట్టమన్నాను. అటు నుంచి మాట రాలేదు. ఏడుపు కూడా రాలేదు. ఏడుపు రాకపోవడంతోనే నాకు సంగతి తెలిసింది. షట్టరును సగంలో వదిలేసి బండి తీశాను. నేను వెళ్లేసరికి వాళ్ల గల్లీ డాక్టరు మంచం పక్కన నిలబడి, పట్టుకుని చూసిన చేతిని మెల్లగా దుప్పటి మీద పెడుతున్నాడు.

ఇలాంటివి రాసేవాళ్లు కన్నీళ్లతో మొదలుపెడతారు. నా కన్నీళ్లు ఆ వారంలోనే అయిపోయాయి. ఇప్పుడు మిగిలింది కోపం. అది కూడా ఊళ్లోవాళ్ల మీద కాదు, దేవుడి మీద కాదు, మా బావ మీదే. పోయినవాళ్ల మీద కోపం పెట్టుకోకూడదని పెద్దలు అంటారు. బతికున్నప్పుడు కోప్పడితే ఆయన నవ్వి ఊరుకునేవాడు. ఇప్పుడు నవ్వడానికైనా లేడు. అందుకని మీకు చెబుతున్నాను.

మా బావ గుండె జబ్బుతో పోయాడు. ముందే చూపించుకుని ఉంటే బతికేవాడేమో. చూపించుకోలేదు. పదిమందికి చూపించడమే బతుకుతెరువుగా పెట్టుకున్న మనిషి, తనను తాను డాక్టరుకు చూపించుకోలేదు. నాకు మండేది అక్కడే.

ఆ బతుకుతెరువు ఏమిటో చెప్పాలి. ఆయన హైదరాబాదులో ఒక కంపెనీకి పని చేసేవాడు. కరోనా వచ్చినప్పుడు లాప్‌టాప్ చంకన పెట్టుకుని బాన్సువాడ వచ్చేశాడు, మళ్లీ పోలేదు. మేడ మీది గదిలో కూర్చుని పని చేసేవాడు. ఏం పని అని ఒకరోజు అడిగితే "చూపెట్టుడు" అన్నాడు. సర్కసు కంపెనీయా అని అడిగాను. అప్పుడు వివరంగా చెప్పాడు. ప్రోగ్రాములు రాసేవాళ్లు వాడుకునే పనిముట్టు ఒకటుందట. దానికి బొమ్మలుండవు, నొక్కడానికి బటన్లుండవు. నల్లటి తెర ఒకటే. దాని మీద ఒక మాట కొడితే జవాబు వస్తుంది. ఫలానా వస్తువు చూపించమని కొడితే, ఆ వస్తువు గురించి కంప్యూటరుకు బోలెడు సంగతులు తెలుసు. అందులో ఏది ముందు చూపించాలి, ఏది తర్వాత, ఏది అడిగితే తప్ప బయట పెట్టకూడదు అని తేల్చేది మా బావ.

"గంతేనా? దీనికి జీతమిస్తరా?" అన్నాను.

"నువ్వు దుకాణంల చేసేది గదే గద బామ్మర్దీ. బేరింగు అడిగితే గోదాము మొత్తం తెచ్చి ముందల పోస్తవా?" అన్నాడు.

నాది బోధన్ రోడ్డులో ట్రాక్టరు స్పేర్ పార్టుల దుకాణంలో కౌంటరు పని. ఏడో తరగతిలో నేను బడిని వదిలేశానో, బడి నన్ను వదిలించుకుందో ఇప్పటికీ తేలని తగాదా. తెలుగు చదువుతాను, ఇంగ్లీషులో డబ్బాల మీది అక్షరాలు పోల్చుకుంటాను. మనుషులను ఆట పట్టించడం మాత్రం ఎవరూ నేర్పకుండానే వచ్చింది. అక్క పెళ్లిలో, పెళ్లికొడుక్కి కొంచెం చెవుడు, గట్టిగా మాట్లాడండి అని మా వైపు చుట్టాలందరి చెవుల్లో వేశాను. సాయంత్రం దాకా ప్రతి ముసలమ్మా ఆయన చెవిలో నోరు పెట్టి ఆశీర్వదించింది. ఆయన ఒక్కరికీ కాదని చెప్పలేదు. అప్పగింతలప్పుడు నా దగ్గరికి వచ్చి, "అన్నీ ఇనవడ్డయి బామ్మర్దీ" అని చెవిలో గట్టిగా అరిచాడు. ఆ రోజు నుంచి మాకు పడింది.

బాన్సువాడ వచ్చాక ఆయన నన్ను తన పనికి వాడుకోవడం మొదలుపెట్టాడు. రెండు తెరలు పక్కపక్కన పెట్టి, "కండ్లు ముందుగాల యాడికి పోయినయ్?" అని అడిగేవాడు. నేను గోడ మీది బల్లి వైపు పోయాయనేవాడిని. ఆయన నవ్వేవాడు కాదు. తెర మీద కళ్లను పట్టే మాట ఒక్కటీ లేదన్నమాట అని గొణుక్కుంటూ మళ్లీ మార్చేవాడు. ఇంత పెద్ద కంపెనీలో నాకంటే చదువుకున్నవాళ్లు దొరకలేదా అంటే, చదువుకున్నవాళ్లు మర్యాదకు అర్థమైందంటారు, నీకు ఆ మర్యాద లేదు అనేవాడు. నాకు దొరికిన సర్టిఫికెట్ అదొక్కటే.

అలా ఉండగా మా దుకాణానికి కూడా ఒకటి తయారు చేశాడు. సరుకు ఎక్కువైంది, ఏది ఎక్కడుందో నా తలకాయలో తప్ప ఎక్కడా లేదు. ‘చూపు’ అని కొట్టి పక్కన సామాను పేరు కొడితే చాలు, తెర చెబుతుందన్నాడు. మొదటి రోజు ‘చూపు బేరింగు’ అని కొట్టాను. తెర నిండా బ్రాకెట్లు, అంకెలు, తారీఖులు, నాకు తెలియని అక్షరాలు వరదలా దిగాయి. కోడికూర అడిగితే ఈకలు, ముక్కు, గోళ్లతో సహా పళ్లెంలో పెట్టినట్టుందన్నాను. ఆయనకు రోషం వచ్చి టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

మర్నాడు వచ్చి కౌంటరు పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు. కంప్యూటరు ముట్టుకోలేదు. వచ్చినవాళ్లు ఏం అడుగుతున్నారో వింటూ ఉన్నాడు. రైతు ఎవరూ పార్టు నంబరు అడగడు. ముందు ‘ఉందా’ అంటాడు. ఆ తర్వాత ‘నా బండికి పడతదా’ అంటాడు. రేటు ఆ తర్వాత. ఏ అరలో ఉందో కావలసింది నాకు ఒక్కడికే. కాలువ వెంబడి క్యాంపుల్లో స్థిరపడిన కోస్తా వాళ్లు దమ్ము చక్రాలు కావాలంటారు, మా వాళ్లు కేజీవీల్లు అంటారు. రెండూ ఒకటే, పొలంలో బురద దున్నడానికి ట్రాక్టరుకు తగిలించే ఇనుప చక్రాలు. మా బావ రెండు పేర్లూ పెట్టాడు. క్యాంపు మనిషి మాట కొడితే క్యాంపు మాటతో, మన మాట కొడితే మన మాటతో జవాబు వచ్చేది. అడిగినవాడి మాటను దిద్దడం మన పని కాదనేవాడు.

ఇంకోటి చేశాడు. బేరింగులు అడిగితే ముప్పై రకాలు వచ్చేవి. ప్రతి వరుసా ‘బేరింగు’ అనే మొదలయ్యేది, అసలు తేడా చివర్లో ఉండి తెర అంచున తెగిపోయేది. నేను విసుక్కుంటే, "పేరు నువ్వే కొట్టినవ్ గద, మల్ల నీకే చెప్పుడెందుకు? తేడా ముందుగాల చెప్పాలె" అని తిరగేసి పెట్టాడు. ఒకటి అడిగితే ఒకటి దాని వివరాలతో, పది అడిగితే పదీ తేడాలతో. చెబితే చిన్న సంగతే. రోజంతా నిలబడే నా కళ్లకు అది ఎంత చల్లగా ఉండేదో నాకు తెలుసు.

అది చేతికి వచ్చాక నేను ఊరుకుంటానా? మా దుకాణం సేఠ్ పాత స్కూటరును సరుకులో ఎక్కించాను. ఆయనే ఒకరోజు ఏదో వెతుకుతుంటే తెర మీద వచ్చింది: ‘ఉందా: ఉంది. పడతదా: ఏ బండికీ పడదు, ఎవరికీ పడదు.’ సేఠ్ రోజంతా నాతో మాట్లాడలేదు. మా బావకు చెబితే చాలాసేపు ఆ తెర వంకే చూసి, వరుస మాత్రం కరెక్టుగా ఉందన్నాడు.

ఇప్పుడు అసలు మాటకు వస్తాను.

నాట్ల రోజుల్లో మహమ్మద్ నగర్ నుంచి ఒక రైతు వచ్చాడు. ట్రాక్టరు పొలంలో ఆగిపోయింది, కూలీలు గట్టు మీద కూర్చున్నారు. హైడ్రాలిక్ పంపు సీలు కావాలన్నాడు. కొట్టాను. ‘ఉందా’ పక్కన ఖాళీ. ఏమీ లేదు. లేదని చెప్పి పంపించాను. ఆయన నిజామాబాద్ దాకా వెళ్లి, తిరిగి తిరిగి, ఆ రోజు నాటు పోగొట్టుకున్నాడు. సీళ్లు మా గోదాములోనే ఉన్నాయి. ముందు రోజు వచ్చిన డబ్బా ఇంకా విప్పలేదు, లెక్క ఎక్కలేదు. అందుకే తెర ఖాళీగా ఉంది. ఆ రైతుకు ఎలాగో తెలిసి మర్నాడు వచ్చి నన్ను తిట్టిన తిట్లు నేను మా బావకు ఫోన్ చేసి ఒక్కటి కూడా తగ్గకుండా అప్పజెప్పాను.

వెంటనే వచ్చాడు. ముఖం నల్లబడి ఉంది. తప్పు నీది కాదు, ఖాళీది అన్నాడు. ఖాళీ అంటే ఒకడు లేదనుకుంటాడు, ఇంకొకడు ఇంకా చూడలేదనుకుంటాడు. రెండు వేర్వేరు సంగతులకు ఒకే ముఖం పెట్టడం మోసం కింద లెక్క అన్నాడు. ఇక మీద లెక్కపెట్టి చూసి, సరుకు లేకపోతే ‘లేదు’. లెక్కే పెట్టకపోతే ‘తెల్వది’. తెలియదు అని పెడదామని ఆయన, చూసి చెబుతాం అని పెడదామని నేను కాసేపు గొడవపడి, చివరికి నోటికి వచ్చే మాటే పెట్టాం.

సేఠ్ ఒప్పుకోలేదు. దుకాణం తెర మీద ‘తెల్వది’ అని ఉంటే గిరాకీ ముందు ఇజ్జత్ పోతుందన్నాడు. మా బావ ఆయనతో గొంతు పెంచి మాట్లాడటం నేను చూసింది ఆ ఒక్కసారే.

"సేఠ్, లేదు అంటే మనిషి ఎనుకకు మర్లిపోతడు. తెల్వది అంటే మనం లేచి పోయి చూస్తం. గా లేచి చూసుడు కోసమే గీ మాట. మీ ఇజ్జత్ కోసం ఆయన నాటు పాయె."

సేఠ్ తల దించుకుని సరే అన్నాడు. ఆ రోజు నుంచి తెర ‘తెల్వది’ అన్నప్పుడల్లా నేను లేచి గోదాముకు నడుస్తాను. నా మోకాళ్లు మా బావను తిట్టని రోజు లేదు.

ఆయన దీన్ని మా దుకాణంతో వదల్లేదు. వాళ్ల కంపెనీ పనిముట్టులో కూడా ఇదే జబ్బుందట. చూసి లేదని తేలినదీ, అసలు చూడనిదీ రెండూ ఒకేలా ఖాళీగా కనిపిస్తాయట. వేరుగా చూపించాలని ఈయన, తెర ఇరుకైపోతుందని వాళ్లు. మేడ మీద అటూ ఇటూ నడుస్తూ ఫోనులో ఇంగ్లీషులో అరిచేవాడు. పక్కింటివాళ్లు పొలం తగాదా అనుకుని, మంచి వకీలు ఉన్నాడని మా అక్కకు చెప్పారు.

ఆయనకు ఇదే పిచ్చి. ఏ వస్తువు కొన్నా ముందు దాన్ని తిప్పి తిప్పి చదివి, రాసినవాడిని తిట్టిన తర్వాతే వాడేవాడు. పెళ్లికార్డు ఇస్తే, పిలిచేవాళ్ల పేర్లన్నీ దాటుకుని పెళ్లి ఎప్పుడో దొరికే వరకు వేలు పెట్టి వెతికేవాడు, ఇచ్చినవాళ్ల ముందే. గోలీల పట్టీ చూస్తే మరీ మండేది. మొదటి గోలీ చించగానే తారీఖు చిరిగిపోయే చోటే తారీఖు వేస్తారు, మిగతా గోలీలు మింగేవాడికి అది అక్కర్లేదా అనేవాడు. మా అక్క కూర వండి గిన్నె మీద మూత పెడితే, లోపలేముందో మూతకు తెలియాలి కదా అని వాదించేవాడు. అక్క గరిటె చూపించేది.

మొన్నటి వానాకాలం నుంచి మేడ మెట్లు ఎక్కుతూ మధ్యలో ఆగడం మొదలుపెట్టాడు. ఎడమ భుజం రుద్దుకునేవాడు. ఏమైందని అక్క అడిగితే "ఏం లేదు." నేను అడిగితే "ఏం లేదు, గ్యాసు." మా వైపు ఈ గ్యాసు ఒకటి. గుండె అనేది మా దగ్గర ఎవరికీ ఉన్నట్టు లేదు, అందరికీ గ్యాసే. ఒక సోడా, ఒక వాము పొట్లం, పక్కకు తిరిగి పడుకోవడం. అలా పడుకుని ఎంతమంది లేవలేదో మీ గల్లీలో మీరే లెక్కపెట్టుకోండి.

అక్క పోరు పడలేక గల్లీ డాక్టరు దగ్గరికి వెళ్లి వచ్చాడు. ఏమన్నాడని అడిగింది. "ఏం లేదన్నడు" అన్నాడు. అక్క నమ్మింది. నేను నమ్మలేదు. అబద్ధం చెప్పేవాడిని చూస్తే నాకు తెలిసిపోతుంది, నా వృత్తే అది కదా.

బతిమాలితే వినడు, తిడితే నవ్వుతాడు. అందుకని నాకు వచ్చిన విద్యే వాడాను. ఒకరోజు కౌంటరు వెనుక ఛాతీ పట్టుకుని కూలబడ్డాను. సేఠ్‌కు ముందే చెప్పి పెట్టాను, స్కూటరు బాకీ అలా తీర్చుకున్నాడు, బాగా నటించాడు. ఆయనే మా బావకు ఫోన్ చేశాడు. బావ పరుగెత్తుకు వచ్చాడు. వచ్చి నన్ను లేపబోయి, లేపలేక, తానే స్టూలు మీద కూలబడి రొప్పాడు. కళ్లు సగం మూసుకుని పడుకున్న నేను అది చూశాను. అప్పుడే నాకు భయం వేసింది. ఆట మొదలుపెట్టినప్పుడు సరదాగానే ఉంది, ఆ రొప్పు విన్నాక సరదా పోయింది.

కిరాయి కారులో నిజామాబాద్ తీసుకుపోయాడు. దారంతా నా చేయి పట్టుకుని ఏం కాదు, ఏం కాదు అంటూనే ఉన్నాడు. ఆయన చేయి చెమటతో జారుతోంది. దవాఖానలో డాక్టరు నా చేతికి బీపీ పట్టీ చుట్టగానే లేచి కూర్చున్నాను. సార్, నాకేం కాలేదు, ఈయనను చూడండి, ఎన్నో రోజులుగా మెట్లెక్కలేకపోతున్నాడు అని గబగబా చెప్పేశాను. డాక్టరు మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. మా బావ ముఖం ఎర్రబడింది, వెంటనే మామూలైంది. "వీడు గిట్లనే చేస్తడు సార్. నాకేం లేదు" అన్నాడు. నన్ను ఎరిగినవాడెవడైనా ఆ మాటే నమ్ముతాడు, ఎరగని డాక్టరు కూడా నమ్మాడు.

నమ్మి, పట్టీ చుట్టాను కదా అని గాలి కొట్టాడు. అంకె చూసి మళ్లీ కొట్టాడు. నన్ను లేవొద్దన్నాడు. నాకు బీపీ ఉంది, మామూలుగా కాదు, ఎప్పుడు ఏ నరం తెగుతుందో అన్నంత ఉంది. రక్తం తీశారు, ఫోటోలు తీశారు, సాయంత్రం దాకా కూర్చోబెట్టారు. ఆయనను దొంగచాటుగా డాక్టరు ముందుకు తెచ్చినవాడిని నేను, నాకు రోగం తేలింది. ఆయన బయట మిర్చి బజ్జీలు తింటూ కూర్చున్నాడు.

ఈ రోజు నేను బతికి ఈ ముక్కలు రాస్తున్నానంటే ఆ రోజు ఆయన పరుగెత్తుకు రావడం వల్లే. ఆ రుణం ఒప్పుకుంటాను. ఒప్పుకున్నా కోపం తగ్గడం లేదు.

వాపసు బస్సులో వచ్చాం. నా రిపోర్టు కాగితం ఆయన ఒళ్లో పెట్టుకుని తిట్టడం మొదలుపెట్టాడు. నీ అంకె ఎక్కడో కింద ఉంది, డాక్టరు డిగ్రీలు పైన ఉన్నాయి, ఎంత ఉండాలో చీమ తలకాయంత అక్షరాల్లో మూలకు వేశారు, ఇది ఎవరు చూడాలని రాశారు అని. నాకు ఓపిక పోయింది. కాగితం లాక్కున్నాను.

"బావా, నాది ఎట్లనో ఒకట్ల రాసిచ్చిండ్రు. నీది యాడుంది?"

"నాకెందుకురా?"

"నీకు గుండెల ఏమన్న ఉన్నదా లేదా?"

"లేదు."

"లేదా, తెల్వదా?"

ఆయన నా వైపు చూడలేదు. బస్సు రుద్రూర్ దాటుతోంది. కిటికీ బయట వరి మీద గాలి వేస్తోంది. ముందు సీటు కమ్మీని పట్టుకున్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

"దుకాణంల తెర తెల్వది అంటే నువ్వు లేచి గోదాముకు పోతవు బామ్మర్దీ. ఇంట్ల నేను తెల్వది అంటే మీ అక్క నిద్ర పోదు."

నేను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. ఆ మాటకు జవాబు ఇప్పుడు ఉంది. బావా, ఇప్పుడు నిద్ర పోతోందనుకుంటున్నావా? ఆమెకు కొన్ని రాత్రులు మిగిల్చానని నువ్వు అనుకున్నావు. మిగిలిన రాత్రులన్నీ ఆమె నుంచి గుంజుకుపోయావు. రైతు నాటు కోసం సేఠ్ మీద గొంతు పెంచినవాడివి, నీ కోసం గొంతు ఎందుకు పెగల్లేదు? ‘లేదు’ అంటే మనిషి మర్లిపోతాడని నువ్వే కదా చెప్పావు. అక్క అలాగే మర్లిపోయింది. నువ్వు ఏం లేదన్నావు, ఆమె వంటింట్లోకి పోయింది.

ఆ తర్వాత ఆయన పోవడానికి ఎంతో కాలం పట్టలేదు.

మూడో నాడు ఇంటి ముందు షామియానా కింద కూర్చున్నాం. వచ్చినవాళ్లు ఒకే మాట అంటున్నారు. పుణ్యాత్ముడు, నొప్పి లేకుండా, ఎవరితో చేయించుకోకుండా నిద్రలోనే పోయాడు, అలాంటి చావు అందరికీ రాదు అని. విని విని నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పుణ్యం కాదు, మొండితనం అని గట్టిగానే అన్నాను. అందరూ నా వైపు చూశారు. ఇంత జరిగినా వీడి వెక్కిరింతలు పోలేదని ఒక పెద్దాయన విసుక్కున్నాడు. నేను వెక్కిరించలేదు. పుట్టి బుద్ధెరిగాక వెక్కిరించకుండా మాట్లాడింది బహుశా అదే మొదటిసారి.

గల్లీ డాక్టరు నన్ను పక్కకు పిలిచాడు. మంచి మనిషి, చేతులు నలుపుకుంటున్నాడు.

"నేను ఆయనకు ఏం లేదని చెప్పలే. ఈడ నాకు తెలుస్తలేదు, నిజామాబాద్ పోయి చూపించుకో అన్న. మల్లొక్కసారి కనవడితే కూడా అదే చెప్పిన. పోయొచ్చిన అన్నడు."

అంటే డాక్టరు ‘తెల్వది’ అని పంపించాడు. మా బావ దాన్ని ఇంటికి తెచ్చేలోపు ‘లేదు’ అని మార్చాడు. మూడేళ్లు ఏ తప్పు మీద కంపెనీతో కొట్లాడాడో ఆ తప్పే చేశాడు, అదీ తెలియక కాదు, తెలిసి. ఆ తేడా లోకంలో అందరికంటే బాగా తెలిసిన మనిషి. తలుపు వెనుక అక్క నిలబడి ఉందని నేను అప్పుడు చూడలేదు. ఆమె మొత్తం విన్నది. విని లోపలికి పోయి, ఆయన మేడగది తలుపు దగ్గరగా వేసి వచ్చింది.

కంపెనీ నుంచి ఆయనతో పని చేసిన అమ్మాయి ఫోన్ చేసింది. సార్ చెప్పినట్టే చివరికి మార్చామండీ, లేనిదీ తెలియనిదీ ఇప్పుడు వేరువేరుగా కనిపిస్తాయి, ఎన్నో దేశాల్లో వాడుతున్నారు అని ఏడ్చింది. మంచి అమ్మాయి. సంతోషమమ్మా అన్నాను. ఫోన్ పెట్టేశాక దాన్ని గోడకు కొట్టాలనిపించింది. ఏ దేశంలోనో ఎవరికో సరిగ్గా కనిపిస్తోంది. కింద గదిలో ఉన్న మా అక్కకే కనిపించలేదు.

దినాలు అయిపోయాయి. అప్పటిదాకా ఉన్న వాళ్ల కూతురు తిరిగి అత్తగారింటికి వెళ్లింది. నేను పొద్దున దుకాణానికి పోతూ అక్కను చూసి పోవడం అలవాటు చేసుకున్నాను. ఒకరోజు టీ తెస్తూ అక్క గోడ పట్టుకుంది. టీ సగం సాసరులో ఒలికింది. కప్పు నా ముందు పెట్టి, కొంగుతో నుదురు తుడుచుకుంది.

"ఏమైందక్కా?"

"ఏం లేదు తమ్మీ."

నాకేమైందో నాకే తెలియదు. లేచి నిలబడ్డాను. అక్క మీద నేనెప్పుడూ గొంతు పెంచలేదు, చిన్నప్పుడు కూడా. ఆ రోజు గల్లీ అంతా వినేలా అరిచాను.

"గా మాట ఇగ ఈ ఇంట్ల వద్దక్కా. ఒక మనిషిని తీస్కపోయింది గా మాట. ఇంకొక్కసారి నా ముంగట అంటే నేను నీ గడప తొక్క."

అక్క నన్ను చూస్తూ నిలబడింది. కోపం రాలేదు ఆమెకు. ఎవరో కొత్త భాష మాట్లాడుతున్నట్టు చూసింది.

"మరి ఏమనాలె?" అంది.

"ఎర్కుంటే చెప్పు. ఎర్కలేకుంటే తెల్వది అను. గంతే."

ఆమె గోడకు ఆనుకుని కింద కూర్చుంది. చీర అంచు సరిచేసుకుంది.

"తెల్వది తమ్మీ" అంది చివరికి. "పొద్దుగాల లేస్తే ఇల్లంత తిరుగుతున్నది. ఎందుకో తెల్వది. నీకు ఫికర్ అయితదని చెప్పలే."

"కానియ్ ఫికర్. నాకు బీపీ గోలీలున్నయ్."

అక్క నవ్వింది. ఆయన పోయాక మొదటిసారి. నవ్వుతూనే ఏడ్చింది. నేను సేఠ్‌కు ఫోన్ చేసి ఈ రోజు రానన్నాను. అక్క ముఖం కడుక్కుని, వేరే చీర కట్టుకుని, గ్యాసు బండ కట్టేసి, తాళం వేసింది.

నిజామాబాద్ దవాఖానలో నన్ను బయటే నిలబెట్టారు. మనుషులను చూసే చోటికి ఆకుపచ్చ గుడ్డ ఒకటి అడ్డంగా కట్టి ఉంది. దాని అవతల నర్సమ్మ గొంతు వినిపించింది, ఏం బాధమ్మా అని. నేను గుడ్డకు దగ్గరగా జరిగాను. అటు నుంచి ఏమీ రాలేదు. నర్సమ్మ మళ్లీ అడిగింది. నా వెనుక వరుసలో ఒక ముసలాయన దగ్గాడు. ఇక లోపలికి పోయి నేనే చెబుదామని గుడ్డ మీద చేయి వేశాను.

అప్పుడు అక్క మొదలుపెట్టింది. తల తిరగడం చెప్పింది. ఎప్పటి నుంచో సరిగ్గా తెలియదంది. కుడి మోకాలి నొప్పి చెప్పింది. సూదిలో దారం ఎక్కడం లేదని చెప్పింది. అన్నం గొంతు దిగడం లేదని, రాత్రి పడుకుంటే గుండె ఎవరో తలుపు కొట్టినట్టు కొట్టుకుంటోందని చెప్పింది. పెళ్లికి ముందు మెడ మీద లేచిన గడ్డ సంగతి కూడా చెప్పింది, అది మా అమ్మకు కూడా తెలియదు. నర్సమ్మ మొదట్లో ఊఁ, ఊఁ అంది, తర్వాత ఆపేసింది. వరుసలో ఎవరూ తొందరపెట్టలేదు. గుడ్డ కింది నుంచి అక్క పాదాలు కనిపిస్తున్నాయి. చెప్పులు పక్కన విడిచింది. ఒక పాదం ఇంకో పాదం మీద పెట్టుకుని, బొటనవేలితో నెమ్మదిగా రుద్దుకుంటూ, ఇంకా చెబుతూనే ఉంది.